కొత్త వాచీకి పాత వన్నె

*నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలో తయారైన డయలుకి అరవై ఏళ్ల వయసు తెప్పించే చేతులున్నాయి. అరవై ఏళ్ల డయలుని గీకి నిన్నటిదానిలా మార్చే చేతులూ ఉన్నాయి. మొదటివాళ్లకి ప్రపంచం లక్షలు పోస్తోంది. రెండోవాళ్ల దగ్గరికి మన నాన్నల, తాతల వాచీలు వరసకట్టి వెళ్తున్నాయి.*

2021 నవంబరు. జెనీవాలో ఫిలిప్స్ సంస్థ వాచీల వేలం. అందులో ఒకటి ఒమేగా స్పీడ్‌మాస్టర్, 1957 నాటి తొలి రకం. స్టీలు ఒళ్లు, గంటల ముల్లు చివర వెడల్పాటి బాణం. పుట్టినప్పుడు దాని డయలు నలుపు. వేలానికి వచ్చేసరికి ఆ నలుపంతా కరిగి గోధుమరంగుకి తిరిగింది. అంకెల దగ్గర చుక్కలు పసుపు తేలాయి. 80 వేల నుంచి లక్షా 20 వేల స్విస్ ఫ్రాంకుల దాకా పలకొచ్చని అంచనా వేశారు. పాట లక్షలు దాటి, పది లక్షలు దాటి, చివరికి 31 లక్షల పైన ఆగింది. అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు పాతిక కోట్లు. కొన్నది ఎవరో కాదు, ఒమేగా కంపెనీయే. తన మ్యూజియంలో పెట్టుకోవడానికి.

2023లో అసలు సంగతి బయటపడింది. అది వేర్వేరు వాచీల భాగాలు కూర్చి తయారుచేసిన వాచీ అని తేలింది. తమ సంస్థలో పనిచేసి వెళ్లిపోయిన ముగ్గురి ప్రమేయం ఉందని ఒమేగాయే ప్రకటించింది. తన వాచీని తనే గుర్తుపట్టలేక అంత డబ్బు పెట్టి కొనుక్కున్న ఈ ఉదంతం వాచీల లోకాన్ని కుదిపేసింది. అప్పటినుంచి పాత వాచీ అనగానే ఒకటే ప్రశ్న: ఈ పాతదనం కాలం తెచ్చిందా, మనిషి తెచ్చాడా?

ఎండ చేసిన పని

1950ల్లో, 60ల్లో నల్లటి డయలు తయారుచేసే పద్ధతి ఇప్పటంత పక్కాగా ఉండేది కాదు. ఇత్తడి పళ్లెం మీద నలుపు ఎక్కించి, పైన పల్చటి వార్నిష్ పూసేవారు. ఆ రంగుల్లో కొన్ని అతినీలలోహిత కిరణాలకి తట్టుకోలేకపోయాయి. ఎండ ఎక్కువగా తగిలే దేశాల్లో చేతికి కట్టుకు తిరిగిన వాచీల డయళ్లు ఏళ్ల మీద గోధుమరంగుకి మళ్లాయి. కొన్ని తేనెరంగుకి, మరికొన్ని ఎర్రమట్టి రంగుకి. సేకర్తలు వాటికి ‘ట్రాపికల్ డయల్’ అని పేరు పెట్టుకున్నారు.

అప్పట్లో ఇదొక లోపం. సర్వీసుకి ఇస్తే కంపెనీవాళ్లు పాడైన డయలు తీసేసి కొత్తది బిగించి పంపేవారు. యజమాని కూడా సంతోషించేవాడు. అలా లోపంగా లెక్కగట్టి పారేయగా మిగిలినవి కొన్నే కాబట్టి ఇప్పుడు వాటికి ఇంత ధర. ఏ రెండూ ఒకేలా ఉండకపోవడం ఇంకో కారణం. ఒకే రోజు ఒకే బల్ల మీద తయారైన రెండు డయళ్లలో ఒకటి నావికుడి చేతి మీద ఎండలో తిరిగితే, ఇంకొకటి సొరుగులో ఉండిపోతుంది. అరవై ఏళ్ల తర్వాత రెండూ అన్నదమ్ములంటే నమ్మలేం.

ఎండ ఒక్కటే కాదు. తేమ కీ బటన్ సందులోంచీ, అద్దం అంచులోంచీ లోపలికి దూరుతుంది. అందుకే మరకలు అంచుల్లో మొదలై మధ్యకి పాకుతాయి. వెండి పూత ఉన్న డయలు గాలిలోని గంధకం తగిలి నల్లబడుతుంది. వార్నిష్ ఎండి సన్నటి పగుళ్లు తీస్తుంది. అన్నిటికంటే నాకు ఆశ్చర్యమనిపించేది రేడియం మచ్చ. ఆగిపోయిన వాచీ ఏళ్లతరబడి పెట్టెలో పడి ఉంటే, ముళ్ల మీది రేడియం కింద ఉన్న డయలుని నెమ్మదిగా కాల్చి తన నీడని అక్కడ ముద్రిస్తుంది. వాచీ ఏ వేళకి ఆగిందో ఆ వేళ డయలు మీద నిలిచిపోతుంది.

> లోపమే లాభం
> రోలెక్స్ డేటోనా వాచీల్లో 16520 అనే రకం ఉంది. 1990ల నడుమ తయారైన కొన్నింట్లో నల్ల డయలు మీది చిన్న వలయాలు కాలక్రమంలో వెండిరంగు పోయి గోధుమరంగుకి తిరిగాయి. పైన పూసిన వార్నిష్ వాటిని సరిగ్గా కాపాడలేకపోవడమే కారణం. ఈ మార్పుని వెలుగులోకి తెచ్చిన వేలందారు ఓస్వాల్డో పాట్రిజి పేరుతో వాటిని ‘పాట్రిజి డయల్’ అంటారు. ఫ్యాక్టరీ పొరపాటున్న డయలుకి, పొరపాటు లేని డయలుకన్నా ఎక్కువ ధర.

కొత్త ఒంటికి పాత ముఖం

ఈ మోజు చూసి కంపెనీలు ఊరుకుంటాయా? 2017లో ఒమేగా తన 1957 నాటి మూడు వాచీలను మళ్లీ తయారుచేసింది. చుక్కలకీ ముళ్లకీ తెలుపు కాకుండా, ముదిరిన మీగడరంగు పూసింది. 2018లో లాంజిన్స్ ఇంకో అడుగు ముందుకేసింది. హెరిటేజ్ మిలిటరీ అనే వాచీలో వెండిరంగు డయలు మీద నల్లరంగు తుంపరలు చేత్తో చిమ్మించింది. తుంపరలు ఏ డయలు మీద ఎక్కడ పడతాయో చెప్పలేం కాబట్టి ప్రతి వాచీ వేరుగా ఉంటుంది. చీకట్లో మెరిసే సూపర్ లూమినోవా పూతల్లో ‘ఓల్డ్ రేడియం’ పేరుతో ఏకంగా ఒక రంగే దొరుకుతుంది. చిన్నా పెద్దా కంపెనీలు దాన్ని తెగ వాడుతున్నాయి.

ఎందుకీ ఆరాటం? 2017 అక్టోబరులో నటుడు పాల్ న్యూమన్ కట్టుకున్న రోలెక్స్ న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. అలాంటి ధరల వార్తలు ఒక కారణం. కానీ అది సగమే. టైము చూసుకోవడానికి ఫోను ఉంది. చేతికి వాచీ కట్టుకునేవాడు టైము కోసం కట్టుకోవడం లేదు. తనకంటే ముందు ఎవరో బతికారన్న గుర్తు దాని మీద వెతుక్కుంటున్నాడు. కొత్త వాచీలో ఆ గుర్తు ఉండదు. అందుకే రంగుల్లో కలిపి ఇస్తున్నారు. దీన్ని నేను తప్పు పట్టను. అందమైన రంగు, ఎవరినీ మోసం చెయ్యని రంగు. డబ్బా మీద కొత్తదనే రాసి ఉంటుంది.

బల్ల మీద జరిగేది

కంపెనీలు యంత్రాలతో చేసేదాన్ని ఇంట్లో చిన్న బల్ల మీద చేత్తో చేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. చవకలో దొరికే కొత్త వాచీ కొని, విప్పి, డయలుకి వయసు తెప్పిస్తారు. ఆ పని చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది.

ముందు ముళ్లు ఊడదీస్తారు. డయలు వెనక రెండు సన్నటి కాళ్లుంటాయి, వాటిని పట్టి ఉంచే మరలు వదులు చేసి డయలుని మిషను నుంచి వేరు చేస్తారు. వేలిముద్ర పడకూడదు. కొత్త డయలు మీద కొట్టొచ్చినట్టు కనపడేది నిగనిగ. అది తగ్గితేగాని ఏ రంగూ నప్పదు. మెరుపు చంపే వార్నిష్‌ని ఎయిర్‌బ్రష్‌తో పల్చగా కొడతారు. ఆ తర్వాత వార్నిష్‌లోనే రవ్వంత గోధుమరంగు కలిపి పొరమీద పొర వేస్తారు. ఒక పొర పూర్తిగా ఆరాకే ఇంకోటి. అంచుల దగ్గర కాస్త ముదురు, నడుమ లేత. అసలు చెయ్యి తిరిగినవాడి గొప్పతనం ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. ఒక్క పొర ఎక్కువైతే పాతదిలా కాదు, మురికిపట్టినదానిలా కనిపిస్తుంది.

టీ నీళ్లు, కాఫీ డికాషన్ వాడేవాళ్లూ ఉన్నారు. తెల్ల డయలు మీద డికాషన్ మరక తొందరగానే పడుతుంది కానీ, తడి తగిలితే అచ్చువేసిన అక్షరాలు లేచిపోయే ప్రమాదం ఉంది. ఓవెన్‌లో సన్న సెగ మీద పెట్టేవాళ్లున్నారు. సెగ కాస్త ఎక్కువైతే రంగు బుడగలు లేస్తుంది. ఇక వెనక్కి తీసుకురాలేం. వెండి పూత డయలుకి, ఇత్తడి, కంచు ఒంటికి ఉడికించిన కోడిగుడ్డు చాలు. పచ్చసొన నలిపి మూతపెట్టిన డబ్బాలో పక్కనే పెడితే, దాన్నించి వచ్చే గంధకపు ఆవిరి లోహాన్ని నల్లబరుస్తుంది. గంటగంటకీ తీసి చూసుకోవాలి. నిజానికి అన్నిటికంటే సహజంగా వచ్చేది ఎండలో పెట్టినదే. కానీ ఇప్పటి రంగులు గట్టివి, నెలలు గడిచినా కొన్ని ఏమాత్రం మారవు. ఎండ ఎంత కాచిందన్నదానికన్నా ఆ రంగులో ఏం కలిపారన్నదే అక్కడ తేలుస్తుంది.

చీకట్లో మెరిసే పూతది వేరే విద్య. తెల్ల పొడిలో పచ్చమట్టి రంగు, కాల్చిన గోధుమరంగు సూదిమొనంత కలిపి జిగురుతో నూరతారు. రంగు ఎక్కువయ్యేకొద్దీ మెరుపు చచ్చిపోతుంది. కాబట్టి రెండింట్లో దేన్ని ఎంత వదులుకోవాలో ముందే తేల్చుకోవాలి. ముళ్లకీ డయలుకీ ఒకే రంగు పడితే అది అబద్ధంలా కనిపిస్తుంది. పాత వాచీల్లో ముళ్లు వేరేచోట వేరే పూతతో తయారయ్యేవి, అందుకే వాటి వయసు డయలు వయసుతో సరిగ్గా కలవదు. ఈ సంగతి తెలిసినవాడు ముళ్లకి వేరే గిన్నెలో వేరే రంగు కలుపుకుంటాడు. పాతదనాన్ని బాగా తెచ్చేవాళ్లంతా ముందు పాత వాచీలని ఏళ్లతరబడి చదివినవాళ్లే. తేమ ఎటునుంచి వస్తుందో, వెలుగు ఎక్కడ పడదో తెలియనివాడి చేతిలో అది ఉత్త మరకగానే మిగులుతుంది.

> మూడు పూతలు, మూడు వయసులు
> రేడియం: 1960ల దాకా వాడారు. సగం తరగడానికి సుమారు 1600 ఏళ్లు పడుతుంది. అరవై ఏళ్ల కిందటి వాచీలో ఇప్పటికీ 97 శాతం మిగిలే ఉంటుంది. మెరిసే జింక్ సల్ఫైడ్ మాత్రం పాడైపోతుంది. అందుకే మెరవదు, కిరణాలు మాత్రం వెలువడుతూనే ఉంటాయి.
> ట్రిటియం: 1960ల నుంచి 1990ల చివరి దాకా. సగం తరగడానికి 12.3 ఏళ్లు. డయలు అడుగున ‘టి’ అక్షరం ఉంటే ఇదే.
> లూమినోవా: జపాన్‌లోని నెమోటో సంస్థ 1993లో తెచ్చింది. స్ట్రాన్షియం అల్యూమినేట్. రేడియోధార్మికత లేదు. వెలుతురు తాగి చీకట్లో వదులుతుంది.

ఆ రంగు వెనక అమ్మాయిలు

‘ఓల్డ్ రేడియం’ రంగు చూసినప్పుడల్లా నాకు న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణం గుర్తొస్తుంది. 1917లో అక్కడి ఫ్యాక్టరీలో పడుచు అమ్మాయిలు వరసగా కూర్చుని వాచీ డయళ్ల మీద రేడియం అంకెలు దిద్దేవారు. డయలు లెక్కన కూలి. కుంచె మొన సన్నగా ఉండాలంటే పెదాల మధ్య పెట్టి తిప్పమని నేర్పారు. ప్రతి అంకెకీ కాస్త రేడియం నోట్లోకి పోయేది. ప్రమాదమేమీ లేదన్నారు. వాళ్లు నమ్మారు.

రేడియం ఒంట్లోకి వెళ్తే కాల్షియంలా ఎముకల్లో చేరి కూర్చుంటుంది. కొన్నేళ్లకి పళ్లు ఊడిపోవడం, దవడ ఎముక కుళ్లిపోవడం మొదలైంది. చాలామంది పడుచు వయసులోనే పోయారు. గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె కోర్టుకి వెళ్లాలనుకుంటే లాయరు దొరకడానికే రెండేళ్లు పట్టింది. 1927లో దావా వేసింది. ఆమెతో కలిసి మొత్తం ఐదుగురు. 1928లో రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి పది వేల డాలర్లు, బతికున్నన్నాళ్లూ ఏటా 600 డాలర్లు, వైద్యం ఖర్చు. గ్రేస్ 1933లో చనిపోయింది. పని చేసేచోట రోగం వస్తే కంపెనీదే బాధ్యత అని ప్రపంచం అనుకోవడం మొదలుపెట్టడానికి ఆ అమ్మాయిల పోరాటం ఒక కారణం.

పాత వాచీల్లోని ఆ తేనెరంగు చుక్క వాళ్ల కుంచె చివరి నుంచి వచ్చింది. ఇప్పుడు ప్రమాదం లేని పూతలో అదే రంగు దొరుకుతోంది, మంచిదే. కానీ ఆ రంగు అమ్మేవాళ్లు ఎంతసేపూ సాహసం, సముద్రం, విమానం అని చెబుతారే తప్ప ఈ అమ్మాయిల ఊసెత్తరు. ఎత్తాలి.

ఇందులో మనకి పనికొచ్చే హెచ్చరిక కూడా ఉంది. అసలైన రేడియం డయలుని ఇంట్లో విప్పి గీకకూడదు. చేతికి కట్టుకోవడం కన్నా ఆ పొడి ఊపిరితో లోపలికి పోవడం ఎన్నో రెట్లు ప్రమాదం. అద్దం మూసి ఉన్నంతవరకు దాన్ని కదపకపోవడమే మేలు.

మన బజారులో అంతా తలకిందులు

అక్కడ కొత్తదాన్ని పాతది చేయడానికి ఇంత తంటాలు పడుతుంటే, ఇక్కడ ఏం జరుగుతోంది? కోఠీలోనో, బెజవాడ బీసెంట్ రోడ్డులోనో వాచీ రిపేరు కొట్టు ముందు కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు వినపడతాయి:

“నాన్నగారిదా బాబూ?”

“అవునండీ. బీరువాలో దొరికింది. ఎప్పుడో ఆగిపోయింది.”

“మిషను బంగారంలా ఉంది. డయలే పాడైంది. పెయింటు వేయిస్తే కొత్తదానిలా మెరిసిపోద్ది. వేయించమంటారా?”

“వేయించండి.”

అంతే. ఆ డయలు మీది రంగు గీకేస్తారు. కొత్త రంగు వేసి, పేరూ అంకెలూ మళ్లీ అచ్చు కొడతారు. ఎర్రవి, నారింజవి, నీలివి, కంపెనీ ఏనాడూ చెయ్యని రంగులు వచ్చేస్తాయి. ఇలా తయారై విదేశాలకి వెళ్లేవాటిని అక్కడి సేకర్తలు ‘ముంబై స్పెషల్’ అని పిలుచుకుంటారు. ఆ మాటలో ఉన్నది మెచ్చుకోలు కాదు.

ఇలా గీకేస్తున్నవి ఏ వాచీలు? హిందుస్తాన్ మెషిన్ టూల్స్ (హెచ్ఎంటీ) 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు చెయ్యడం మొదలుపెట్టింది. తొలి విడతని నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, కాంచన్, సోనా. పెళ్లిలో అల్లుడికి సైకిలు, ట్రాన్సిస్టరుతోపాటు పెట్టిన హెచ్ఎంటీ మన పల్లెల్లో ఎన్ని చేతుల మీద తిరిగిందో. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980ల్లో జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. ఆల్విన్ వాచీల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూతకి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంటే గీకేసిన డయలుకి బదులు ఆనాటి అసలైనది దొరకడం చాలా కష్టం.

మెకానిక్‌ని నిందించలేను. చేతిలోని వస్తువుని కొత్తగా చేసి ఇవ్వడమే తన పనితనమని అతను నేర్చుకున్నాడు. ఇత్తడి చెంబుని చింతపండుతో తోమి తళతళలాడించే ఇళ్లు మనవి. చిలుము పట్టడం అంటే మనకి పట్టించుకోకపోవడమే. ఆ శ్రద్ధ చెంబుకి తగినదే. డయలుకి మాత్రం అది తగదు. తోమితే చెంబు చెంబుగానే ఉంటుంది, గీకితే డయలు పోతుంది. తండ్రి పొలంలో కష్టపడ్డప్పుడు చెమట దూరి పడిన మచ్చ, బస్సు డ్రైవరు తాత చేతి మీద నలభై ఏళ్ల ఎండకి పాలిపోయిన అంకెలు, వీటిని ఏ ఎయిర్‌బ్రషూ తిరిగి తేలేదు. ఆ మచ్చనే స్విట్జర్లాండులో చేత్తో చిమ్మి అమ్ముతున్నారు. మనం డబ్బిచ్చి చెరిపించుకుంటున్నాం. ఇది ఆగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

> కాలం పనా, మనిషి పనా?
> ● నిజంగా ఎండకి మారిన డయలులో, ఒంటి అంచు కింద దాగిన సన్నటి వలయం పాత రంగులోనే ఉంటుంది. వెలుగు పడనిచోటు కూడా గోధుమరంగుకి తిరిగితే అనుమానించాలి.
> ● తేమ మరకలు అంచులోంచి వస్తాయి. నట్టనడుమ మచ్చ, చుట్టూ శుభ్రం అంటే నమ్మకూడదు.
> ● అతినీలలోహిత టార్చి వేసి ఆర్పాలి. పాత పూత వెంటనే ఆరిపోతుంది. కొత్త పూత చాలాసేపు మెరుస్తూ ఉంటుంది.
> ● డయలు ముందు ముసలిదై, వెనక ఇత్తడి నిన్నటిదానిలా మెరిస్తే కథ తెలిసిపోతుంది.
> ● హెచ్ఎంటీల్లో ‘పారా షాక్’, ‘17 జ్యూయెల్స్’ లాంటి చిన్న అక్షరాలని భూతద్దంతో చూడాలి. లావుగా, వంకరగా, గీతలు తాకుతూ ఉంటే పెయింటు వేయించిందే.

చెప్పి చేస్తే కళ

రంగు ఒకటే, కుంచె ఒకటే. కొత్త వాచీకి వేసి కొత్తదే అని అమ్మితే అది పనితనం. అదే వాచీని 1965 నాటిదని అమ్మితే నేరం. మధ్యలో చిక్కు ఒకటుంది. ఇవాళ నిజాయితీగా చేసిన డయలు ఇరవై ఏళ్ల తర్వాత చేతులు మారి, తెలియనివాడి దగ్గరికి వెళ్తే? చేసినవాడు చెప్పిన నిజం వాచీతోపాటు ప్రయాణం చెయ్యదు.

దానికి మందు వాచీ మెకానిక్‌ల దగ్గరే ఉంది. సర్వీసు చేసిన ప్రతిసారీ వెనక మూత లోపల సూదితో తేదీ, తమ గుర్తు గీసిపెట్టడం వాళ్లలో ఎంతోమందికి పాత అలవాటు. పాత మూత తెరిస్తే నాలుగైదు చేతుల గుర్తులు కనిపిస్తాయి. డయలుకి వయసు తెప్పించేవాళ్లు కూడా ఇదే చెయ్యాలి. పని ముగించి మళ్లీ బిగించే ముందు డయలు వెనక ఇత్తడి మీద సంవత్సరం, తమ పేరు గీస్తే సరిపోతుంది. ముందు వైపు అందానికి ఏ లోటూ రాదు. తర్వాత విప్పినవాడికి అనుమానమే ఉండదు. కొత్త డయళ్లు అమ్మే చిన్న కంపెనీలు దీన్ని అచ్చులోనే వేయించవచ్చు.

ఇంట్లో పాత హెచ్ఎంటీ ఉన్నవాళ్లు మెకానిక్‌కి ఇచ్చేముందు మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. మిషను శుభ్రం చేసి నూనె వెయ్యండి, అద్దం గీతలు పడితే మార్చండి, డయలు ముట్టుకోకండి. మాట్లాడే ముందు డయలుని ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి ఉంచుకోండి, తిరిగి తీసుకునేటప్పుడు పోల్చి చూసుకోవచ్చు. డయలు మీది చుక్కలు ముదురు గోధుమరంగులో, పొడిపొడిగా కనిపిస్తే అవి ఏ పూతో తెలిసినవాళ్లకి చూపించే దాకా మూత తెరిపించకండి. కొత్త డయలు వెయ్యక తప్పదనుకుంటే పాతది కవరులో పెట్టి తిరిగి ఇమ్మని అడగండి. అది మీదే, అడిగితే ఇస్తారు.